టీమ్‌లోకి ఏఐ తేవాలంట, ఎక్కడ మొదలుపెట్టాలి? (తొమ్మిది మంది, పాత కోడ్, ఒక దెబ్బ తిన్నాక)

కేసీ_కెనాల్ · కర్నూలు · సోమవారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి పోవడమే కానీ నేను రాయడం ఇదే మొదలు.

మాది కర్నూలులో చిన్న కంపెనీ, తొమ్మిది మందిమి. కమీషన్ మండీలకు, కిరాణా హోల్‌సేల్ వాళ్లకు అకౌంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఉల్లిగడ్డ బండి యార్డులోకి వచ్చినప్పటి నుంచి రైతు చేతికి తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) ఇచ్చేదాకా అన్ని లెక్కలూ మా దాంట్లోనే. పదిహేనేళ్ల కింద ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మార్చారు. మార్చినవాళ్లు ఇప్పుడు కంపెనీలో లేరు.

మా ఓనర్ గారు పోయిన వారం హైదరాబాద్‌లో ఏదో మీటింగ్‌కు పోయొచ్చారు. మర్నాడే కోడ్ రాసే ఏఐ టూల్‌కు తొమ్మిది లైసెన్సులు కొన్నారు. "వచ్చే నెల నుంచి అందరూ ఏఐతోనే రాయాలి, పని సగం రోజుల్లో అయిపోవాలి" అన్నారు. ఆయనకు తెలియనిది ఏమంటే, మాలో నలుగురం అప్పటికే సొంత ఖాతాలతో చాటుగా వాడుతున్నాం. దెబ్బ కూడా తిన్నాం.

అది చెప్తాను. మా డేటాబేస్‌లో 'చిల్లర' అని ఒక కాలమ్ ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో. నిండు సంచులు పోగా మిగిలిన సగం సగం సంచుల లెక్క అది. వాటికి హమాలీ సగమే పడుతుంది. బిల్లు మాడ్యూల్ కొత్తగా రాయమని మావాడు ఏఐకి ఇచ్చాడు. అది 'చిల్లర' అంటే చిల్లర డబ్బులు అనుకుంది. అంటే రౌండాఫ్. మూడు చిల్లర సంచులుంటే తక్‌పట్టీలో మూడు రూపాయలు తగ్గేవి, ఆ మూడు సంచుల హమాలీ మాత్రం ఎక్కడా పడేది కాదు. టెస్టులు కూడా అదే రాసింది. 42 టెస్టులు, అన్నీ పచ్చగా పాసయ్యాయి. నేనే రివ్యూ చేసి మెర్జ్ కొట్టాను, అంటే అసలు కోడ్‌లో కలిపేశాను. కోడ్ చాలా శుభ్రంగా ఉంది, కామెంట్లతో సహా. ఇంత బాగా రాసినవాడు తప్పెందుకు చేస్తాడనిపించింది.

ఎనిమిది రోజుల తర్వాత హమాలీల మేస్త్రీ చేతి పుస్తకం పట్టుకొని మండీకి వచ్చాడు. అందులో బాల్‌పెన్నుతో గీసిన గీతలు. ఆ గీతలు కరెక్టు, మా సాఫ్ట్‌వేర్ తప్పు.

ఇప్పుడు ఓనర్‌కు ఏం చెప్పాలి? వద్దనలేను, నాకూ అది పనికొస్తుందనే ఉంది. కానీ ఏ వరసలో తేవాలో తెలియడం లేదు. చేసి చూసినవాళ్లు చెప్పండి.

---

గండికోట_గాలి · కడప · సోమవారం రాత్రి 10:48

అన్నా, ఇంత టెన్షన్ ఎందుకు? నేను ఒక్కడినే ఫ్రీలాన్స్ చేస్తాను. ఆర్నెల్లుగా చేత్తో కోడ్ రాసింది చాలా తక్కువ. పోయిన నెల ప్రొద్దుటూరు బట్టల షాపుకు స్టాక్ యాప్ రెండున్నర రోజుల్లో ఇచ్చా. ఇంతకుముందైతే మూడు వారాలు.

మీది ప్రాంప్టు తప్పు. 'చిల్లర' అంటే ఏమో ముందే చెప్పి ఉంటే సరిపోయేది. టూల్‌ను అనేదేముంది?

---

పెన్నా_ఒడ్డు · అనంతపురం · మంగళవారం ఉదయం 6:30

గండికోట తమ్ముడూ, 'చిల్లర' గురించి ముందే చెప్పాలని వాళ్లకు తెలిసుంటే చెప్పేవాళ్లే కదా. తెలియకపోవడమే అసలు సమస్య. నీ బట్టల షాపు యాప్ నువ్వే మొదటి నుంచి కట్టావు, అందులో ప్రతి పేరూ నువ్వు పెట్టిందే. వాళ్లది ఇంకొకరు కట్టిన ఇల్లు, ఏ గోడలో పైపు పోతోందో ఎవరికీ తెలియదు.

కేసీ గారూ, నేను అనంతపురంలో ఇంట్లోంచే ఒక బెంగళూరు టీమ్‌కు పనిచేస్తాను. ఏడాదిన్నర కింద మాకూ ఇదే జరిగింది. మీ ఓనర్ అన్న 'సగం రోజులు' ముచ్చట ముందు తేల్చుకోండి. మెటర్ అనే సంస్థ 2025 జులైలో ఒక పరిశోధన బయటపెట్టింది. 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లు, వాళ్లకు బాగా తెలిసిన సొంత ప్రాజెక్టులు, 246 పనులు. ఏ పనికి ఏఐ వాడాలి, దేనికి వాడకూడదు అనేది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. మొదలుపెట్టే ముందు వాళ్లు 24 శాతం వేగంగా అవుతుందనుకున్నారు. అయ్యాక అడిగితే 20 శాతం వేగంగా చేశామన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఆలస్యం.

ఆలస్యం సంగతి పక్కన పెట్టండి. నన్ను భయపెట్టింది ఆ మధ్య సంఖ్య. ఆలస్యమైనవాళ్లకే తాము వేగంగా చేశామనిపించింది. కాబట్టి మీ టీమ్‌లో "ఎట్లుంది?" అని అడిగి నిర్ణయాలు తీసుకోవద్దు. అందరూ బాగుందనే అంటారు, నేనూ అన్నాను.

సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరు మీద గూగుల్ తెచ్చే డోరా నివేదికలోనూ 2024లో ఇలాంటిదే వచ్చింది. ఏఐ వాడకం 25 శాతం పెరిగినచోట డెలివరీ స్థిరత్వం (విడుదల చేసిన మార్పు పగలకుండా నిలవడం) 7.2 శాతం తగ్గినట్టు వాళ్ల అంచనా. కోడ్ రాయడం సులువైతే ఒక్కో మార్పు సైజు పెరుగుతుంది, పెద్ద మార్పు పగిలే అవకాశం ఎక్కువ అనేది వాళ్లు చూపిన కారణం. మా దగ్గర అచ్చం అదే. ఇంతకుముందు 80 వరసల పుల్ రిక్వెస్టు (చూసి కలపమని పంపే మార్పు) వచ్చేది. ఏఐ వచ్చాక 900. చదివేవాడు మాత్రం అదే ఒక్కడు, అవే రెండు కళ్లు.

మేం చివరికి చేసింది చెప్తాను. మొదటి నెల ఏఐతో కోడ్ రాయించలేదు, చదివించాం. పాత ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే ఉండే ప్రోగ్రాములు) ఇచ్చి "ఇది ఏం చేస్తోంది, నీకు అర్థం కాని పేర్లేవి?" అని అడిగించాం. అది తప్పు చెప్పినా నష్టం లేదు, ఏ ఫైలూ మారదు కదా. పైగా అది ఎక్కడెక్కడ తప్పు చెప్పిందో అక్కడంతా మనం రాసిపెట్టుకోనిది ఏదో ఉన్నట్టు. ఆ జాబితా నుంచే మా పదాల పట్టిక పుట్టింది. ఇప్పుడది కోడ్ దాచే రిపోజిటరీలోనే ఒక ఫైలుగా ఉంటుంది, టూల్ ప్రతిసారీ ముందు దాన్ని చదువుకుంటుంది.

రెండో నెల నుంచి రాయించడం మొదలుపెట్టాం, ఒకే షరతు మీద. పుల్ రిక్వెస్టు తెరిచినవాడు ప్రతి వరస ఎందుకుందో టూల్ సాయం లేకుండా చెప్పగలగాలి. "ఏఐ రాసింది" అనే జవాబు వచ్చిందా, అక్కడికక్కడే మూసేస్తాం. మొదటి వారంలో నాదే రెండు మూశారు.

---

గండికోట_గాలి · కడప · మంగళవారం ఉదయం 8:05

పెన్నా అన్నా, ఆ పరిశోధన 2025 మొదట్లో ఉన్న టూల్స్ మీద చేసింది. 16 మందే. అదీ పెద్ద పెద్ద పాత ప్రాజెక్టులు, వాటిని ఏళ్లుగా చూస్తున్నవాళ్లు. ఇది అందరికీ వర్తిస్తుందని మేం అనడం లేదని ఆ సంస్థే రాసుకుంది. దాన్ని పట్టుకొని ఏఐ దండగ అంటే ఎట్లా?

---

పెన్నా_ఒడ్డు · అనంతపురం · మంగళవారం ఉదయం 8:20

దండగ అని నేనెక్కడ అన్నా? రోజూ వాడతా. నువ్వు చెప్పిన పరిమితులన్నీ నిజమే. కానీ 'పెద్ద పాత ప్రాజెక్టు, ఏళ్లుగా చూస్తున్నవాళ్లు' అంటే కేసీ గారి టీమే కదప్పా.

---

బురుజు_నీడ · కర్నూలు · మంగళవారం ఉదయం 11:40

నేను టెస్టర్‌ని, కాబట్టి ఆ 42 టెస్టుల దగ్గరే ఆగిపోయాను.

కేసీ గారూ, అవి టెస్టులు కావు, మీ కోడ్‌కు జిరాక్సులు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే నూటికి నూరు రాక ఏమొస్తాయి? 'చిల్లర'ను డబ్బులనుకున్న టూల్, టెస్టులోనూ డబ్బులనే అనుకుంటుంది.

మేం ఏం చేస్తామంటే, కోడ్ కన్నా ముందు అసలు కాగితాలు తెస్తాం. కస్టమర్ దగ్గర కొట్టేసిన పాత బిల్లులు ఓ ముప్పై, అందులో గొడవైనవి తప్పకుండా. రిటర్ను వచ్చిన సరుకు, చేత్తో దిద్దిన బిల్లు, రెండు లాట్లు కలిపిన బిల్లు ఇట్లాంటివి. వాటి మొత్తాలు క్యాలిక్యులేటర్‌తో మనిషే వేస్తాడు. ఇన్‌పుట్, రావలసిన జవాబు రెండూ మనిషివే. వాటిని టెస్టు కోడ్‌గా మార్చే చాకిరీ మాత్రం ఏఐకి ఇస్తాం, ఆ పని అది బ్రహ్మాండంగా చేస్తుంది. ఆ టెస్టు ఫైళ్లు ముట్టుకునే అనుమతి దానికి ఉండదు. ఇది పెట్టకముందు ఒకసారి ఏమైందంటే, టెస్టు ఫెయిలైతే కోడ్ సరిచేయకుండా టెస్టులో ఉన్న జవాబునే మార్చి "అన్నీ పాసయ్యాయి" అని చెప్పింది.

ఇంకోటి. జీఎస్టీ శ్లాబులు చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శ్లాబుల్లోని సరుకులు చాలావరకు 5, 18కి, కొన్ని 40కి మారాయి. మా టూల్ ఇప్పటికీ అడగకుండానే 5, 12, 18, 28 అని పట్టిక రాసి ఇస్తుంది. దాని చదువు ఎప్పుడో ఆగిపోయింది. రేట్లు కోడ్‌లో రాయించనే వద్దు, తేదీతో సహా టేబుల్‌లోంచి రావాలి.

---

చీనీ_తోట · అనంతపురం · మంగళవారం మధ్యాహ్నం 1:15

నాకు ఉద్యోగం వచ్చి పద్నాలుగు నెలలు. రాయాలా వద్దా అని ఉదయం నుంచి ఆలోచిస్తున్నాను.

పెన్నా అన్న చెప్పిన 'వివరించగలగాలి' షరతు మా టీమ్‌లో పెడితే మొదట దొరికేది నేనే. చేరిన రోజు నుంచి ఏఐ ఉంది. ఎర్రర్ వస్తే కాపీ చేసి పెట్టేదాన్ని, వచ్చింది తెచ్చి అతికించేదాన్ని. మళ్లీ ఎర్రర్, మళ్లీ పెట్టడం. నాలుగైదు సార్లకు పని అయిపోయేది. ఎందుకు అయిందో తెలిసేది కాదు. సీనియర్లను అడగాలంటే సిగ్గు. ఏఐని అడిగితే సిగ్గు లేదు, అది విసుక్కోదు.

రెండు నెలల కింద ఒక మీటింగ్‌లో కస్టమర్ ముందే "ఈ జాయిన్ ఎందుకు పెట్టావు?" అని మా లీడ్ అడిగారు. నా పేరుతో ఉన్న కోడ్ అది. నాకు గుర్తు కూడా లేదు.

ఇప్పుడు ముందు కాగితం మీద నేనేం చేయాలనుకుంటున్నానో నాలుగు వరసలు రాసుకుంటున్నాను, తర్వాతే అడుగుతున్నాను. ఆలస్యమవుతోంది. ఓనర్లు సగం రోజులు అంటుంటే నాలాంటివాళ్లు ఈ ఆలస్యాన్ని ఎక్కడ దాచుకోవాలి? కేసీ సార్, మీ టీమ్‌లో కొత్తవాళ్లుంటే దయచేసి అది కూడా లెక్కలో వేయండి.

---

పాత_ఫాక్స్‌ప్రో · కర్నూలు · మంగళవారం సాయంత్రం 5:50

'చిల్లర' పేరు చూసి నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది. 1990ల చివర కర్నూలు మండీలకు ఫాక్స్‌ప్రోలో ప్రోగ్రాములు రాసిచ్చినవాళ్లలో నేనూ ఒకడిని. ఆ కాలమ్ నాదే అయ్యుండొచ్చు.

అట్లా ఎందుకు పెట్టామో చెప్తాను. ఫాక్స్‌ప్రో డేటా దాచే డీబీఎఫ్ ఫైలులో కాలమ్ పేరుకు పది అక్షరాలే ఇచ్చేవాడు. 'సగం నిండిన సంచుల సంఖ్య' అని ఇంగ్లీషులో పది అక్షరాల్లో ఎట్లా రాస్తావు? గుమస్తాను అడిగితే "చిల్లర సంచులు సార్" అన్నాడు. చిల్లర అని పెట్టేశాం. తరుగు, జమ, బాకీ, కాటా అన్నీ అట్లా వచ్చినవే. డాక్యుమెంటు రాయలేదు. ఎందుకు రాస్తాం, గుమస్తా పక్కనే కూర్చునేవాడు కదా.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. అందరూ ఏఐకి చెప్పడం కోసం పదాల పట్టిక రాద్దామంటున్నారు. పదిహేనేళ్లలో మీ కంపెనీలోకి వచ్చిన ఒక్క పిల్లవాడి కోసమైనా ఎవరన్నా రాశారా? మెషీన్ వచ్చాక గుర్తొచ్చిందా?

కేసీ, నువ్వు మండీలో ఒక పొద్దంతా కూర్చున్నది ఎప్పుడు?

---

కేసీ_కెనాల్ · కర్నూలు · మంగళవారం రాత్రి 9:30

సార్, నిజం చెప్తే నాలుగేళ్లయింది. కోవిడ్ తర్వాత అంతా ఫోన్‌లోనే.

---

ఓర్వకల్లు_రాళ్లు · కర్నూలు · మంగళవారం రాత్రి 10:10

ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతా. ఆ నలుగురు సొంత ఖాతాల్లో ఏం పేస్ట్ చేశారు? మీ డేటాలో రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. 2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్ చాట్‌జీపీటీలో పెట్టిన తర్వాత అంత పెద్ద కంపెనీ కూడా వాడకం ఆపేయాల్సి వచ్చింది. మన దగ్గర డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. పూర్తిగా అమలుకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. డేటాకు తగిన కాపుదల పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్లు. మీ ఓనర్‌కు ఆ ఒక్క సంఖ్య చెప్పండి, మిగతాది ఆయనే వింటారు.

ముందు కంపెనీ ఖాతాలే వాడించండి, మీ డేటాతో ట్రైనింగ్ చేయబోమని ఒప్పందంలో ఉందో లేదో చూడండి. ఏఐ ఏజెంటుకు లైవ్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఏ పరిస్థితిలోనూ ఇవ్వొద్దు. పేర్లు, నంబర్లు మార్చిన కాపీ ఒకటి చేసి పెట్టండి, దాంతోనే ఆడుకోనివ్వండి. ఇంకా, అది ఏదైనా లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వేయమంటే ఆ పేరు నిజంగా ఉందో చూసుకోండి. లేని పేర్లు కల్పించడం దీనికి అలవాటు. ఆ కల్పిత పేర్లతోనే దొంగ ప్యాకేజీలు పెట్టి కాచుకునేవాళ్లు ఉంటారు. స్లాప్‌స్క్వాటింగ్ అని దానికో పేరు కూడా పెట్టారు.

---

ఉగ్గాని_బజ్జి · ఆదోని · బుధవారం ఉదయం 7:45

చిన్న సందేహం. పదాల పట్టిక తెలుగు లిపిలో రాస్తే టోకెన్లు (ఏఐ మాటలను విడగొట్టి లెక్కేసే ముక్కలు) ఎక్కువ ఖర్చవుతాయా? మా వాళ్లు ఇంగ్లీషులోనే రాయమంటున్నారు.

---

పెన్నా_ఒడ్డు · అనంతపురం · బుధవారం ఉదయం 8:10

ఒకప్పుడు చాలా ఎక్కువ. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపిన ఉదాహరణలో అవే రెండు మూడు తెలుగు వాక్యాలు పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్తదాంట్లో 45. ఇంగ్లీషు కన్నా ఇంకా ఎక్కువే, కానీ పట్టిక ఎంతుంటుంది, రెండు పేజీలు. మా పట్టికలో అర్థం తెలుగులోనే రాస్తాం, ఎందుకంటే గుమస్తా చదివి "ఇది తప్పు" అనగలగాలి. ఇంగ్లీషులో రాస్తే ఆయన తల ఊపి వెళ్లిపోతాడు.

(పేరు చూసి ఆకలైంది. ఆదోనిలో ఉగ్గాని ఇప్పుడు ఎక్కడ బాగుంది?)

---

నిర్వాహకుడు · బుధవారం ఉదయం 9:00

ఉగ్గాని మీద వచ్చిన పదకొండు జవాబులను 'తిండి' విభాగానికి మార్చాను. కర్నూలు, అనంతపురం వాళ్లు అక్కడ కొట్టుకోండి.

---

గండికోట_గాలి · కడప · గురువారం రాత్రి 11:20

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ప్రొద్దుటూరు షాపు ఆయన ఫోన్ చేశాడు. మీటర్లలో అమ్మే గుడ్డకూ పీసుల్లో అమ్మే చీరకూ స్టాక్ ఒకే కాలమ్‌లో పోతోంది. నేను అడగలేదు, ఏఐ కూడా అడగలేదు. అయినా రెండున్నర రోజులు మూడున్నర అయింది అంతే, మూడు వారాలు కాలేదు. నా మాట మీద నేనున్నా.

---

కేసీ_కెనాల్ · కర్నూలు · ఐదు వారాల తర్వాత, ఆదివారం

ఏమైందో చెప్పమని ముగ్గురు మెసేజ్ పెట్టారు. రాస్తున్నాను.

ఓనర్‌కు జరిగిందంతా చెప్పాను, హమాలీల లెక్కతో సహా. అరిచారు. అరిచాక 250 కోట్ల మాట చెప్తే కూర్చున్నారు. లైసెన్సులు ఉంచాం, 'అందరూ ఏఐతోనే' అనే మాట తీసేశాం.

మొదటి మూడు వారాలు చదివించడమే. 1,800 వరసల ప్రొసీజరు ఒకటుంది, దాన్ని ముట్టుకోవడానికి మాలో ఎవరికీ ధైర్యం లేదు. ఏఐ దాన్ని ముక్కలు చేసి వివరించింది. నూటికి ఎనభై పాళ్లు సరిగ్గానే చెప్పింది, మిగతా ఇరవై చాలా నమ్మకంగా తప్పు చెప్పింది. ఏది ఏదో తేల్చడానికి ఇద్దరం రెండు రోజులు యార్డులో కూర్చున్నాం. ఫాక్స్‌ప్రో సార్ కూడా వచ్చారు, పిలవకుండానే. మేస్త్రీ టీ ఇప్పించి మరీ మా పట్టికలో మూడు తప్పులు పట్టాడు.

పట్టికలో ఇప్పటికి 64 పదాలు. 'పట్టీ' రెండు టేబుల్స్‌లో రెండు అర్థాలతో ఉందని మాలో అందరికన్నా చిన్నవాడు కనిపెట్టాడు. చీనీ_తోట గారూ, మీ పోస్టు చూశాక వాడికి వారంలో రెండు రోజులు పుల్ రిక్వెస్టు టార్గెట్ తీసేశాను. ఆ రోజుల్లో నోటుపుస్తకం, పాత కోడ్, అంతే.

రాయించడం పోయిన వారమే మొదలైంది. ఒక్కో మార్పు 200 వరసలు దాటకూడదు. వేగం సంగతి ఓనర్ రోజూ అడుగుతున్నారు. వరసల లెక్క చెప్పనన్నాను. టికెట్ వచ్చిన రోజు నుంచి కస్టమర్ దగ్గర నడిచి, రెండు వారాలు మళ్లీ ఫోన్ రాకుండా ఉంటేనే 'అయింది' అని రాస్తున్నాం. ఆ లెక్కన ఇప్పటికి ఒక్కటి కూడా అవలేదు, రెండు వారాలు ఇంకా నిండలేదు కాబట్టి. రిపోర్టులు, స్క్రీన్లు మాత్రం కళ్లకు కనిపించేంత తొందరగా వస్తున్నాయి. బిల్లు మాడ్యూల్ ఇంకా చేత్తోనే.

ఒక సాయం కావాలి. నిన్న 'మామూలు' అని ఇంకో కాలమ్ బయటపడింది. కొన్ని బిల్లుల్లోనే అంకె ఉంది, మిగతావి సున్నా. ఏఐ దాన్ని 'సాధారణ రకం బిల్లు' అని రాసింది. మేస్త్రీని అడిగితే నవ్వి వెళ్లిపోయాడు. ఫాక్స్‌ప్రో సార్, ఇది మీదేనా?

---

పాత_ఫాక్స్‌ప్రో · కర్నూలు · ఆదివారం రాత్రి 8:40

నాదే. ఆ ఒక్కదానికి మెషీన్ రాసిన అర్థమే ఉంచు. రేపు పొద్దున ఫోన్ చెయ్యి, ఇక్కడ రాయను.